‘క్రీడావిశేషము’ అంటే చాలదు: స్వేచ్ఛా వ్యూహక్రీడల డాక్యుమెంటేషన్, ప్యాకేజింగ్ - పరిష్కర్త బాధ్యత

ఉపోద్ఘాతం

ప్రాచీన తెలుగు కావ్యాలలో ఆటల పేర్లు విరివిగా కనిపిస్తాయి. సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ అలాంటి పేర్లను కావ్యాల నుండి ఏరి, వాటి వెనుక ఉన్న జీవితాన్ని వెలికితీసే ప్రయత్నం చేసింది. ఆ పేర్లలో కొన్నింటికి అర్థం వెదుకుతూ నిఘంటువు తెరిచిన పరిశోధకునికి ఎదురయ్యే సమాధానం తరచుగా ఒక్కటే: ‘బాలక్రీడావిశేషము’. అది ఒక ఆట అని మాత్రమే దాని భావం. ఎంతమంది ఆడేవారు, గెలుపు ఓటములు ఎలా తేలేవి, ఏ పావు ఎటు నడిచేది అన్న ప్రశ్నలకు అక్కడ జవాబు లేదు. పేరు మిగిలింది, ఆట పోయింది. ఆలయ మండపాల రాతి నేలల మీద చెక్కిన గళ్లది కూడా ఇదే స్థితి. పులిజూదం వంటి ఆటల నియమాలు నోటి మాటగా నిలిచాయి కనుక ఆ గళ్లను గుర్తుపట్టగలుగుతున్నాం. నియమం చెప్పేవారు లేని గళ్లు రాతిమీద గీతలుగానే ఉండిపోయాయి.

ఈ నష్టాన్ని గురించి విచారం వ్యక్తం చేయడం తెలుగు పరిశోధనలో ఆనవాయితీ. అదే నష్టం వర్తమానంలో మరో రూపంలో జరిగే అవకాశం ఉన్నప్పుడు మాత్రం పరిశోధకులు దానిని సాంకేతిక విషయమని పక్కన పెడుతున్నారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా రూపొందిన కంప్యూటర్ వ్యూహక్రీడలు నేటి గళ్లు. వాటికి రాసే వివరణ పత్రాలు ఆ గళ్ల నియమాలు. వాటిని కూర్చి, మూలంతో సహా ఆటగాని చేతికి అందించే ప్యాకేజీ వాటి ప్రతి. వివరణనూ ప్రతినీ విడదీయరాదనీ, ఈ రెండింటినీ కలిపి చేసే పని గుమాస్తా పని కాక పాఠపరిష్కరణ విద్యకు చెందినదనీ, దానిని ఆ గౌరవంతోనే తెలుగు శాఖలు స్వీకరించాలనీ ఈ వ్యాసం వాదిస్తుంది. ఇందుకు ప్రధాన ఉదాహరణ ‘బ్యాటిల్ ఫర్ వెస్నాత్’ అనే ఆట.

వెస్నాత్ స్వరూపం

డేవిడ్ వైట్ 2003లో ప్రారంభించిన వెస్నాత్ వంతులవారీగా ఆడే వ్యూహక్రీడ. దీని 1.0 వెర్షన్ 2005 అక్టోబరులో వెలువడింది. రంగస్థలం షడ్భుజాకారపు గళ్లతో నిండిన పటం. నాయకుడు కోట నడుమ నిలిచి బంగారం వెచ్చించి బంటులను చేర్చుకొంటాడు. ఊళ్లను పట్టుకొంటే ఆదాయం వస్తుంది. ప్రతి బంటుకూ దాని స్థాయిని బట్టి జీతబత్తెం చెల్లించాలి. ఎంత చేతనున్న ఊళ్లుంటే అంత భారం తగ్గుతుంది. ఉదయం, మధ్యాహ్నం ధర్మపక్షపు బంటుల దెబ్బకు 25 శాతం బలం పెరుగుతుంది, రాత్రి అంతే తగ్గుతుంది. చీకటి పక్షం వారికి ఇది తలకిందులు. దెబ్బ తగలడం, తప్పడం అవకాశం మీద ఆధారపడి ఉంటుంది. ఆ అవకాశాన్ని దెబ్బ కాచుకొనే బంటు నిలిచిన నేల నిర్ణయిస్తుంది.

ఈ ఆట రెండు పొరలుగా ఉంటుంది. యంత్రభాగం సి ప్లస్ ప్లస్ భాషలో రాసినది. బంటుల గుణాలు, కథలు, పటాలు, సంభాషణలు ‘వెస్నాత్ మార్కప్ లాంగ్వేజ్’ అనే ప్రత్యేక లిపిబద్ధ రూపంలో, ఎవరైనా తెరిచి చదవగల మామూలు పాఠ్య ఫైళ్లలో ఉంటాయి. కోడు జి.పి.ఎల్. అనే సార్వజనిక లైసెన్సు కింద ఉంది. చిత్రాలూ సంగీతమూ కొంత ఆ లైసెన్సు కిందనే, కొంత క్రియేటివ్ కామన్స్ కింద లభిస్తాయి. ఇరవై ఏళ్లకు పైగా దేశదేశాల స్వచ్ఛంద కార్యకర్తలు దీనిని పెంచుతూ వచ్చారు. ఏక కర్తృకం కాదు, ఏక కాలికమూ కాదు. ప్రక్షిప్తాలు, పాఠాంతరాలు, శాఖలు గల రచన ఇది. సాహిత్య విద్యార్థికి ఈ లక్షణాలు అపరిచితమైనవి కావు.

‘కోడే వివరణ’ అన్న వాదం

ప్రోగ్రాములు రాసేవారిలో ఒక వాదం బలంగా ఉంది. కోడు అందరికీ తెరిచి ఉన్నప్పుడు వేరుగా వివరణ ఎందుకు, చదువుకొన్నవారికి కోడే చెబుతుంది కదా అని వారంటారు. మూలం ఉంటే వ్యాఖ్యానం అక్కరలేదన్న వాదానికి ఇది ఆధునిక రూపం. ఒక్క ఉదాహరణతో దీని బలహీనత తేటతెల్లమవుతుంది.

వెస్నాత్‌లో సాధారణ మానవ పదాతి మైదానంలో నిలిస్తే ఆట తెర మీద అతని రక్షణ 40 శాతం అని కనిపిస్తుంది. వచ్చే ప్రతి దెబ్బా తప్పిపోయే అవకాశం 40 శాతమని అర్థం. పర్వతం మీద నిలిస్తే అది 60 శాతం. అదే బంటు గుణాలను నిర్వచించే ఫైలు తెరిస్తే, ‘రక్షణ’ అన్న అర్థం గల మాట కింద మైదానానికి ఎదురుగా 60 అని, పర్వతానికి ఎదురుగా 40 అని ఉంటుంది. తెర మీది అంకె ఒకటి, మూలంలోని అంకె మరొకటి. రెండూ తప్పు కావు. ఫైలులో నమోదైనది దెబ్బ తగిలే అవకాశం, తెర చూపేది దెబ్బ తప్పే అవకాశం. పేరు మాత్రం రెండు చోట్లా రక్షణే.

కోడే వివరణ అని నమ్మి, తన కథ కోసం ఒక కొత్త బంటును రూపొందించే యువకుడు ఆ బంటును దృఢంగా చేయాలని అంకెను 60 నుండి 80కి పెంచుతాడనుకొందాం. అతడు తయారుచేసేది ప్రతి అయిదు దెబ్బలలో సగటున నాలుగు తినే దుర్బలుడిని. ఆట ఆగిపోదు, దోష సందేశం రాదు. యంత్రం దృష్టిలో అంతా సక్రమమే. ఈ పొరపాటును నివారించగలిగినది ఒక్క వాక్యం: ఈ అంకె దెబ్బ తగిలే అవకాశాన్ని సూచిస్తుంది. ఆ వాక్యం కోడులోని ఏ ఆజ్ఞలోనూ లేదు, వివరణ పత్రంలోనే ఉంటుంది. కోడు యంత్రం ఏమి చేస్తుందో చెబుతుంది. కర్త ఏమి ఉద్దేశించాడో, ఒక మాటను ఏ అర్థంలో వాడాడో మనుషుల భాషలో మనిషే చెప్పాలి. పారిభాషిక పదానికి నిర్వచనం ఇవ్వని శాస్త్రగ్రంథం ఎంతటి గందరగోళానికి దారితీస్తుందో లక్షణ గ్రంథాలు చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఎదుటి పక్షపు బలమైన అభ్యంతరాన్ని దాటవేయడం న్యాయం కాదు. వివరణ పత్రాలు పాతబడతాయి, కోడు మారుతుంది కానీ కాగితం మారదు, తప్పు చెప్పే వివరణ కంటే వివరణ లేకపోవడమే మేలు అని వారంటారు. ఇది నిజమైన ఇబ్బంది. కానీ దీనికి పరిష్కారం వివరణను మానుకోవడం కాదు, దానిని విభజించుకోవడం. డెన్మార్క్‌లోని ఆర్హుస్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ముగ్గురు 1995 చివరలో ప్రారంభించి 1996 జనవరిలో విడుదల చేసిన ‘ఫ్రీసివ్’ అనే నాగరికతా వ్యూహక్రీడ ఇందుకు దారి చూపింది. అందులో దళాల బలం, భవనాల ఖర్చు, విద్యల క్రమం మొదలైనవి ‘రూల్‌సెట్’ అనే నియమావళి ఫైళ్లలో ఉంటాయి. ఆటలోని సహాయ పుటలు చాలా భాగం ఆ ఫైళ్ల నుండే అప్పటికప్పుడు తయారవుతాయి. నియమావళిని చదివి పట్టికల రూపంలో కరదీపికను ఉత్పత్తి చేసే చిన్న సాధనం కూడా దానితో పాటే వస్తుంది. నియమావళిలో అంకె మారితే పుటలోనూ అంకె మారుతుంది. అదే ఫైళ్లలో మనిషి చేత్తో రాసిన సహాయ వాక్యాలు కూడా ఉన్నాయి. వాటిలో అంకెలు రాస్తే అవి పాతబడే ప్రమాదం ఉంది. అందువల్ల అంకెలను యంత్రానికి వదిలి, కారణాలను మనిషి రాయాలి. పట్టిక యంత్రం పని, వ్యాఖ్య మనిషి పని. పాతబడేది పట్టికే తప్ప కారణం కాదు.

ప్రతి, పాఠాంతరం, ప్యాకేజీ

డాక్యుమెంటేషన్‌కు లభించే కొద్దిపాటి గౌరవం కూడా ప్యాకేజింగ్‌కు దక్కదు. ఎవరో రాసిన ఆటను మూట కట్టి అందించే పనిగా దానిని చూస్తారు. ఆ మూటలో ఏముందో పరిశీలిస్తే ఈ అభిప్రాయం నిలవదు.

1993లో మొదలైన డెబియన్ వ్యవస్థను ఉదాహరణగా తీసుకోవచ్చు. అందులో చేరే ప్రతి ప్యాకేజీలో ఏ భాగం ఎవరిదో, ఏ లైసెన్సు కింద లభిస్తోందో తెలిపే పత్రం ఉండి తీరాలి. ప్రతి ప్రోగ్రాముకూ ఒక మాన్యువల్ పుట ఉండాలని నియమం. ఆ పుటల వర్గీకరణలో ఆటలకు ఆరవ విభాగం కేటాయించారు. ప్యాకేజీ చేసే వ్యక్తి మూలాన్ని నేరుగా దిద్దడు. చేసిన ప్రతి సవరణనూ వేరొక ఫైలుగా ఉంచి, వాటి వరుసను ఒక జాబితాలో నమోదు చేస్తాడు. సవరణ ఎందుకు చేయవలసి వచ్చిందో, ఎవరు చేశారో, మూలకర్తలకు పంపారో లేదో ఆ ఫైలు శీర్షంలో రాయడం మంచి సంప్రదాయంగా స్థిరపడింది. మూలపాఠం చెక్కుచెదరకుండా ఒకవైపు, సవరణలు సకారణంగా మరొకవైపు ఉంటాయి. పాఠపరిష్కరణలో పాఠాంతర సూచిక చేసే పని ఇదే.

జి.పి.ఎల్. రెండవ వెర్షన్ మరొక అడుగు ముందుకు వేసింది. మార్చిన ఫైళ్లలో మార్చినట్టు, మార్చిన తేదీతో సహా, స్పష్టంగా గుర్తించాలని అది షరతు విధిస్తుంది. మూలం అంటే ఏమిటో కూడా అది నిర్వచిస్తుంది: రచనను మార్చడానికి ఏ రూపం అనువుగా ఉంటుందో అదే మూలం. ముద్రితమైన తుదిరూపం చేతిలో పెట్టి ఇదే మూలమని చెప్పడానికి వీలులేదు.

ఈ షరతులను తెలుగు గ్రంథ ప్రచురణ చరిత్ర పక్కన పెట్టి చూడాలి. సి.పి. బ్రౌన్ పండితుల చేత పలు ప్రతులను పోల్పించి శుద్ధప్రతులను సిద్ధం చేయించాడు. ఆ కృషిని నేటికీ కొనియాడుతున్నాం. మానవల్లి రామకృష్ణకవి 1909లో నన్నెచోడుని ‘కుమారసంభవం’ ప్రకటించినప్పుడు తెలుగు సాహిత్య చరిత్రే కదిలింది. ఆ కవి కాలం మీద వాదోపవాదాలు దశాబ్దాల తరబడి సాగాయి. ప్రతి ఎక్కడిది, ఏ స్థితిలో ఉంది, పరిష్కర్త దేనిని దిద్దాడు అన్న వివరాలు ఎంత సమగ్రంగా ఉంటే ఇలాంటి వివాదాలు అంత తొందరగా తేలుతాయి. పరిష్కర్త మౌనంగా దిద్దిన చోటల్లా తర్వాతి తరం పరిశోధకుడు చీకటిలో తడుముకొంటాడు. ఆ మౌనాన్ని లైసెన్సు షరతుగా నిషేధించి, ప్రతి ప్యాకేజీలో సవరణల చిట్టాను తప్పనిసరి అలవాటుగా మార్చిన సముదాయం పని చిన్నదని అనడానికి పాఠపరిష్కరణ చదివిన ఎవరికీ నోరు రాకూడదు.

‘వికీ ఉంది కదా’

డాక్యుమెంటేషన్ అవసరమే కానీ దానిని ప్యాకేజీలో చేర్చనక్కరలేదు, అంతర్జాలంలో వికీ ఉంటే చాలు అనేది మరొక వాదం. ఇది చూడడానికి ఆచరణయోగ్యంగా ఉంటుంది. కానీ ఏ ప్రతికి ఏ వ్యాఖ్య అన్న ప్రాథమిక ప్రశ్నను ఇది విస్మరిస్తుంది.

2023 జూన్‌లో విడుదలైన డెబియన్ 12లో వెస్నాత్ 1.16 ఉంది. 2024 మార్చిలో ఆట రూపకర్తలు 1.18ని విడుదల చేశారు. స్థిర విడుదల అన్న పేరుకు తగినట్టు డెబియన్ 12 తన కాలమంతా 1.16నే అందిస్తుంది. ఒక విడుదలకూ మరొక విడుదలకూ నడుమ బంటుల ధరలు, బలాలు సవరణకు గురవుతాయి. వికీ సహజంగానే కొత్త రూపం వైపు సాగుతుంది. పాత ప్రతి ఆడేవాడు కొత్త ప్రతికి రాసిన వ్యాఖ్య చదివితే అతనికి దొరికేది జ్ఞానం కాదు, భ్రమ. డెబియన్‌లో వెస్నాత్ ప్యాకేజీల పేర్లలోనే వెర్షన్ సంఖ్యను చేర్చడంలో ఈ ఎరుక కనిపిస్తుంది. ఏ ప్రతి చేతిలో ఉందో పేరే చెబుతుంది.

వెస్నాత్ నిర్వాహకులు కరదీపికను, మాన్యువల్ పుటలను ఆట మూలంలోనే భాగంగా ఉంచారు. కోడు ఏ భాండాగారంలో ఉందో కరదీపికా అందులోనే ఉంది. కనుక 1.16 మూలాన్ని తీసుకొన్నవారికి 1.16 కరదీపికే లభిస్తుంది. అనువాదాలు కూడా అక్కడే, ఆ వెర్షన్‌తో ముడిపడి ఉంటాయి. వ్యాఖ్య ప్రతితో పాటే ప్రయాణిస్తుంది. వికీ నశించవచ్చు, చిరునామా మారవచ్చు, ఊరిలో అంతర్జాలం లేకపోవచ్చు. పాఠశాల కంప్యూటరులో ఆట ఉన్నంత కాలం దాని వివరణ దాని పక్కనే ఉంటుంది. వికీకి స్థానం లేదని కాదు. చర్చకూ కొత్త ఆలోచనకూ అది తగిన వేదిక. కానీ చర్చావేదిక ప్రతికి ప్రత్యామ్నాయం కాజాలదు.

తెలుగులోకి తేవడం అంటే ఏమిటి

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తెలుగు అనువాదాన్ని పదాల మార్పిడిగా చూసే ధోరణి ఉంది. ఇంగ్లీషు వాక్యాలు ఒక పట్టికలో, తెలుగు వాక్యాలు ఎదురు పట్టికలో నింపితే పని ముగిసిందనుకొంటారు. ‘గెట్‌టెక్స్ట్’ అనే సాధనం పట్టిక రూపంలోనే పని అడుగుతుంది కనుక ఈ భ్రమ మరింత గట్టిపడుతుంది. వ్యూహక్రీడ ఈ భ్రమను వెంటనే బయటపెడుతుంది. కారణం తెలుగు వ్యాకరణం.

ఆట సందేశాలలో పేర్లకు ఖాళీలు ఉంటాయి. ఫలానా బంటు ఫలానా బంటును కొట్టింది అన్న వాక్యంలో ఆ రెండు పేర్లనూ ఆట నడుస్తుండగా యంత్రం చొప్పిస్తుంది. పేరు తర్వాత ‘ను’ అని ముందే రాసిపెడితే ‘గుర్రంను’, ‘ఇల్లులో’, ‘ఊరుకు’ వంటి రూపాలు తెర మీదికి వస్తాయి. గుర్రాన్ని, ఇంట్లో, ఊరికి అనవలసిన చోట ఔపవిభక్తికాలను యంత్రం ఎరుగదు. ‘అనువాదం పూర్తయింది’ అని పట్టిక చెబుతుంది, ‘తెలుగు రాలేదు’ అని చెవి చెబుతుంది. దీనికి ఉపాయం వాక్య నిర్మాణాన్నే మార్చడం. పేరు ప్రథమావిభక్తిలో నిలిచేటట్టు ‘దెబ్బ తిన్న బంటు: గుర్రం’ అన్న రీతిలో వాక్యాన్ని కూర్చవచ్చు. ఈ నిర్ణయాన్ని ఎక్కడో ఒకచోట రాసిపెట్టకపోతే మరుసటి అనువాదకుడు దానిని పొరపాటనుకొని ‘సరిదిద్దుతాడు’. ‘గుర్రంను’ మళ్లీ తెర మీదికి వస్తుంది.

లింగవచనాల సమస్య ఇంకా లోతైనది. వెస్నాత్ మూలంలో స్త్రీ పాత్రల పేర్లకు ముందు, ఇది స్త్రీ రూపమని తెలిపే చిన్న గుర్తు ఉంటుంది. స్త్రీ పురుష భేదంతో మాట మారే భాషల కోసం ఆ సౌకర్యం కల్పించారు. అనువాదకులకు ప్రత్యేకించి సూచనలు రాసే పద్ధతి కూడా అందులో ఉంది. ఈ రెండూ డాక్యుమెంటేషనే. తెలుగులో మహద్వాచకానికి ‘వచ్చాడు’, అమహత్తుకు ‘వచ్చింది’. ఏకవచనంలో స్త్రీకి కూడా ‘వచ్చింది’ అనడం భాషా స్వభావమే అయినా, రాజ్యానికి వారసురాలైన యువరాణిని సేవకుడు ‘వచ్చింది’ అనడు. ‘వచ్చారు’ అంటాడు. శత్రువు అదే యువరాణిని ఏమంటాడు? అస్థిపంజర యోధుడు మహత్తా, అమహత్తా? ఒకప్పుడు మనిషి కనుక ‘లేచాడు’ అనాలా, ఇప్పుడు ఎముకల పోగు కనుక ‘లేచింది’ అనాలా? బాలవ్యాకరణం బోధించే శాఖకు ఇవి హాస్య ప్రశ్నలు కావు. సూత్రం ఎంతవరకు వర్తిస్తుందో పరీక్షించే ప్రశ్నలు. వీటికి ఇచ్చే సమాధానాలను ప్రమాణ పత్రంగా రూపొందించి ప్యాకేజీలో చేర్చితేనే అనువాదం ఒక చేతి నుండి మరొక చేతికి నిలకడగా వెళుతుంది.

పరిభాష విషయంలోనూ అంతే. బంటుల పోషణ ఖర్చుకు ‘జీతబత్తెం’ అన్న పాత మాట చక్కగా అమరుతుంది. జీతబత్తెం అక్కరలేకుండా సేవించే బంటుకు ‘స్వామిభక్తుడు’ అన్న మాట తెలుగు చెవికి వెంటనే అందుతుంది. కోటలో నాయకుడు నిలిచి సేనను చేర్చుకొనే గడికి, రాజు నివాసమన్న అర్థంలో తెలుగులో ఉన్న ‘నగరు’ అన్న మాటను పరిశీలించవచ్చు. కొత్తగా చేర్చుకోవడానికి ‘చేర్పు’, పూర్వ యుద్ధంలో మిగిలిన బంటును రప్పించడానికి ‘పిలుపు’ అని వేరు చేస్తే రెండు ఆజ్ఞల భేదం తేలికగా తెలుస్తుంది. ముందు చెప్పిన ‘రక్షణ’ గందరగోళాన్ని తెలుగు యథాతథంగా మోయవలసిన అగత్యమే లేదు. తెర మీది మాటకు ‘తప్పే అవకాశం’ అని, ఫైలులోని అంకెకు ‘తగిలే అవకాశం’ అని వివరణ పత్రంలో నిర్వచిస్తే, మూలభాషలో ఉన్న చిక్కు తెలుగులో విడిపోతుంది. మంచి వ్యాఖ్యాత మూలం కంటే స్పష్టంగా ఉండగలడనడానికి ఇది చిన్న నిదర్శనం.

శాఖల ముందున్న ప్రశ్న

ఇంత పనికి విశ్వవిద్యాలయంలో విలువ ఉందా అన్నది అసలు ప్రశ్న. ఒక కావ్యంలోని యుద్ధవర్ణనలను లెక్కించి వర్గీకరిస్తే అది పరిశోధన అవుతుంది. ఒక వ్యూహక్రీడకు తెలుగు కరదీపిక రాసి, పారిభాషిక పదకోశం కూర్చి, విభక్తి సమస్యలకు ప్రమాణ పత్రం తయారుచేసి, అన్నింటినీ ఒక ప్యాకేజీగా వెలువరించిన విద్యార్థికి మాత్రం ఇది సాంకేతిక విద్య అన్న మాట ఎదురవుతుంది. సాంకేతిక శాఖకు వెళితే ఇది భాషా విషయం అంటారు. రెండు గుమ్మాల నడుమ నిలిచిన పని ఎవరి ఖాతాలోనూ పడదు. ఆ పని చేయగల వ్యక్తి మరుసటి ఏడు సురక్షితమైన వర్గీకరణ వైపు మళ్లుతాడు. అతనిని తప్పుపట్టలేం.

మూడు అభ్యంతరాలు తరచుగా వినవస్తాయి. మొదటిది, ఆట పరిశోధనకు తగిన వస్తువు కాదన్నది. కావ్యాలలోని ఆటల పేర్లకు అర్థాలు వెదకడం పరిశోధన అయినప్పుడు, ఆటనే అర్థవంతంగా నిలపడం పరిశోధన కాకపోవడానికి కారణం చెప్పవలసినవారు అభ్యంతరం చెప్పేవారే. రెండవది, ఇది సృజన కాదు, సేవ మాత్రమేనన్నది. నిఘంటువు, పదసూచిక, శుద్ధప్రతి కూడా సేవలే. ఆ సేవల మీదనే సాహిత్య విమర్శ నిలిచింది. మూడవది, మూల్యాంకనం ఎలా అన్నది. మిగిలిన వాటికంటే ఇదే గట్టి ప్రశ్న. దీనికి సమాధానం ఆ పని స్వభావంలోనే ఉంది. ప్రతి మార్పూ తేదీతో, చేసినవారి పేరుతో, కారణంతో నమోదవుతుంది. ఎవరు ఏ వాక్యం రాశారో, ఏది ఎవరు దిద్దారో, ఏ చర్చ తర్వాత దిద్దారో పరీక్షకుడు చూడగలడు. సిద్ధాంత గ్రంథంలో ఏ పుట ఎవరి ఆలోచనో తేల్చడం కంటే ఇది సులభం. కూర్చిన ప్యాకేజీ మరొక యంత్రం మీద సరిగా నడిచిందా లేదా అన్నది మరింత కఠినమైన పరీక్ష. ఆ పరీక్షలో సిఫారసు పనిచేయదు.

చేయవలసినవి సుసాధ్యమైనవే. పిహెచ్.డి. పరిశోధనాంశాలలో సాఫ్ట్‌వేర్ పాఠానికి వ్యాఖ్యాన సహిత తెలుగు ప్రతిని పాఠపరిష్కరణ కింద అంగీకరించాలి. పాఠపరిష్కరణ పాఠ్యప్రణాళికలో తాళపత్ర ప్రతులతో పాటు ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలోని కాపీరైట్ పత్రాన్నీ సవరణల వరుసనూ చదివించాలి. శాఖ రూపొందించిన పదకోశాలను, ప్రమాణ పత్రాలను స్వేచ్ఛా లైసెన్సుతో, మార్చడానికి అనువైన రూపంలో విడుదల చేయాలి. బీరువాలో దాచిన పదకోశం అముద్రిత తాళపత్రం కంటే మెరుగైనదేమీ కాదు.

ముగింపు

స్వేచ్ఛా వ్యూహక్రీడ అనేక చేతుల మీదుగా పెరిగిన రచన. కోడు ఉన్నంత మాత్రాన అది అర్థం కాదని రక్షణ అంకె నిరూపిస్తుంది. వ్యాఖ్య ప్రతిని వీడితే దారి తప్పిస్తుందని వెర్షన్ల భేదం నిరూపిస్తుంది. పదాలు మారిస్తే తెలుగు రాదని ‘గుర్రంను’ నిరూపిస్తుంది. మూడు చోట్లా లోపించేది ఒక్కటే, పరిష్కర్త. ఆ పరిష్కర్తకు కావలసిన విద్య తెలుగు శాఖల దగ్గర ఉంది. దానిని ఈ పనికి వినియోగించే అనుమతి మాత్రమే వాటి దగ్గర లేదు. ఆ అనుమతి ఇవ్వవలసింది కూడా ఆ శాఖలే. ఇవ్వకుండా కాలం గడిపితే, భవిష్యత్ నిఘంటుకర్త నేటి ఆటల పేర్ల ఎదుట మళ్లీ అదే మాట రాసి ఊరుకొంటాడు: క్రీడావిశేషము.